డబ్బా అక్కడొద్దు

కిరణ్,

బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో మీ ఆఫీసు మిత్రులంతా కలిసి డబ్బా దాస్తారట కదా, మీ అమ్మ చెప్పింది. జీపీఎస్ అంకెలు చూసుకుంటూ వెతికే ఆటేనని తనకు ముచ్చటేసింది. నాకు మాత్రం 2007 ఆగస్టు 25 గుర్తొచ్చింది. అప్పుడు నువ్వు బడిపిల్లాడివి. ఆ రోజు లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు చూసిన హైదరాబాద్ ఇది. పొదలో డబ్బా కనపడితే ఇక్కడెవరూ మూత తియ్యరు, పోలీసులకు ఫోన్ చేస్తారు. పైగా అది మిలిటరీ వాళ్లుండే వైపు.

ఆట మానమనడం లేదురా. జీపీఎస్ అంకెలు సరిగ్గా తేలకుండా తానే కప్పిన మసకను అమెరికా 2000 మేలో తీసేసింది. ఆ మర్నాడే ఒరెగాన్‌లో ఒకాయన అడవిలో బకెట్ దాచి ఈ ఆట మొదలెట్టాడు. అక్కడ అడవి ఉంది, దాచాడు. మనకున్నవి రాళ్లు, వాటి మీద సంవత్సరాలు.

1798లో నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు, వాళ్ల దండు వచ్చి దిగింది. 1806లో ఆ దండు ఊరికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు, అదే సికింద్రాబాద్. సిపాయిల వెంట దొరలు, దొరల వెంట చర్చిలు: 1813లో సెయింట్ జాన్స్, 1847లో మీరనుకుంటున్న ఈ బొల్లారం చర్చి. దీనికి విక్టోరియా రాణి సొంత సొమ్ము ఇచ్చిందంటారు. 1983 నవంబరు 20న, తన 36వ పెళ్లిరోజున, ఎలిజబెత్ రాణి భర్తతో వచ్చి ప్రార్థన చేసుకున్నది ఇక్కడే. మీ హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ది 1998. దాన్నే మీరు పాత బిల్డింగంటారు!

అందుకని ఇలా చెయ్యి. డబ్బా వేరేచోట, స్థలం సొంతదారును అడిగి పెట్టు. దాని అంకెలు మాత్రం చర్చి ఫలకాల మీది సంవత్సరాల్లోంచి తీయించు. చదవనివాడికి డబ్బా దొరక్కూడదు. పాత చర్చిల్లో అక్షరాలు అరిగిపోయి ఉంటాయి, కనపడలేదని సుద్ద రుద్దకండి. పొద్దున్నే ఏటవాలు ఎండలో చూస్తే అవే పైకి తేలతాయి. సమాధుల మీద కూర్చుని సెల్ఫీలు తీసుకున్నారని తెలిస్తే చెవి మెలిపెడతాను, నీకు ముప్పై దాటినా సరే.

ముందు పాస్టరుగారిని ఆరాధన అయ్యాక కలిసి చెప్పు. ఆదివారం హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగు, స్కూటరు తెస్తాను. మీ పెద్దమ్మ పెసరట్లు వేస్తానంటోంది.

మీ పెదనాన్న