వేడి చేసిందని ఊరుకోకు చెల్లీ!

రా చెల్లీ, ఇలా పెరట్లో కూర్చో. గోంగూర ఒలుస్తూ మాట్లాడుకుందాం. చేతిలో పని ఉంటే ఇలాంటి మాటలకు నోరు తేలిగ్గా పెగులుతుంది.

నాకు పెళ్లయిన రెండో ఏడు తెల్లబట్ట మొదలైంది. దురద, మంట, చెప్పుకోలేని వాసన. మా పిన్నితో అంటే, "వేడి చేసిందే, బార్లీ నీళ్లు తాగు" అంది. తాగాను. నానబెట్టిన మెంతులు మింగాను. మూడు నెలల్లో నాకు తగ్గిందల్లా నిద్ర ఒక్కటే!

వేడి అనే మాట మనకెంత వీలుగా ఉంటుందో చూడు. దాంతో ఎవరి పరువూ పోదు, ఇంట్లో ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. అందుకే ఆ మాట చాటున సుఖవ్యాధులు హాయిగా దాక్కుంటాయి.

అలాగని తెల్లబట్ట అంతా జబ్బేనని బెంగపడకు. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా, వాసనా దురదా లేకుండా అయితే అది ఒంటి ధర్మం. పెరుగు తరకల్లా పడి విపరీతంగా దురద పెడితే బహుశా ఫంగస్. షుగర్ ఉన్నా, యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడినా వస్తుంది. మామూలుగా దాన్ని సుఖవ్యాధుల్లో లెక్కెయ్యరు. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో, నురగలా, చెడు వాసనతో అయితే మాత్రం ట్రైకోమొనాస్ అయ్యుండొచ్చు. అది కలయికతో అంటేదే. నాకు వచ్చిందీ అదే. అయితే రంగు చూసి మనమే తేల్చుకోకూడదమ్మా, పరీక్ష చేయించుకోవాల్సిందే.

అన్నిటికన్నా భయపడాల్సింది చప్పుడు చెయ్యని వాటికి. గనేరియా, అదే మన పెద్దవాళ్లు సెగ అనే జబ్బు, మగవాళ్లకొస్తే మూత్రంలో మంట, చీము కనిపిస్తాయి. ఆడవాళ్లలో చాలామందికి ఏమీ తెలియదు. క్లమీడియా కూడా అంతే. వైద్యం చేయించుకోకపోతే లోలోపల గర్భనాళాల దాకా పాకి వాటిని మూసెయ్యొచ్చు. తర్వాత పొత్తికడుపు నొప్పి, పిల్లలు కలగకపోవడం, నాళంలోనే గర్భం నిలవడం.

సిఫిలిస్ ఇంకా గడుసుది. ముందు ఒక పుండు వస్తుంది, నొప్పి ఉండదు. కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. హమ్మయ్య అనుకుంటాం. కొన్నాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు తేలతాయి. అవీ పోతాయి, జబ్బు మాత్రం పోదు. కడుపుతో ఉన్నప్పుడు వీడీఆర్‌ఎల్ అని రక్తపరీక్ష రాస్తారు, గుర్తుందా? దీనికోసమే. తల్లి నుంచి బిడ్డకు పాకితే కడుపులోనే బిడ్డ పోవచ్చు. ముందే కనిపెడితే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో ఇద్దరూ బయటపడతారు. చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి భగ్గుమని మండితే హెర్పిస్ కావచ్చు.

ఇవి ఎక్కువగా కలయికతోనే అంటుతాయి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి లాంటివి రక్తంతో, ఒకరికి వాడిన సూదులతో కూడా వస్తాయి. పక్కన కూర్చుంటే, ఒకే కంచంలో తింటే, దోమ కుడితే రావు. నిరోధ్ చాలావరకు కాపాడుతుంది. హెర్పిస్‌లాంటివి చర్మం తగిలినా అంటుతాయి కాబట్టి పూర్తి భరోసా అనలేం. సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమొనాస్ నాలుగూ మందులతో నయమవుతాయి. హెర్పిస్, హెచ్‌ఐవీ పూర్తిగా పోకపోయినా మందులతో అదుపులో ఉంటాయి. హెపటైటిస్ బికీ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీకీ టీకాలున్నాయి.

ఇక నా సంగతి. చివరికి డాక్టరమ్మ దగ్గరికెళ్లాను. మాత్రలిచ్చింది, తగ్గింది. రెండు నెలలు తిరక్కుండా మళ్లీ మొదలు! ఈసారి ఆవిడ అడిగింది ఒక్కటే: "మీ ఆయన వేసుకున్నాడా?" ఆయనకేమీ లేదన్నాను. "మగవాళ్లలో ఇది చాలామందికి పైకి కనిపించదు. మీరు తగ్గించుకుంటారు, ఆయన నుంచి మళ్లీ తెచ్చుకుంటారు" అంది. ఇద్దరూ ఒకేసారి మందు వేసుకోవాలి, డాక్టరు చెప్పేదాకా దూరంగా ఉండాలి.

ఆ రాత్రి నా మనసు నీకు వేరే చెప్పాలా? కానీ ఈ జబ్బు నెలల తరబడి కిమ్మనకుండా ఉండగలదట. ఇప్పుడు బయటపడిందంటే ఇప్పుడే అంటుకుందని కాదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ పరీక్షా తేల్చి చెప్పదు.

నీకు మీ ఆయనతో చెప్పడం కష్టమైతే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో సురక్ష క్లినిక్ ఉంటుంది, అక్కడికెళ్లు. కౌన్సెలర్‌తో చెప్పుకోవచ్చు, ఎలా చెప్పాలో వాళ్లే దారి చూపిస్తారు. మందులు ఉచితం. రంగుల ప్యాకెట్లలో ఇస్తారు: తెల్లబట్టకు ఆకుపచ్చ, పొత్తికడుపు నొప్పికి పసుపు. హెచ్‌ఐవీ అనుమానాలేవైనా ఉంటే 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు.

నేనేం చేశానంటావా? మాత్రలు, మంచినీళ్లు ఆయన చేతిలో పెట్టి, "ముందు ఇవి వేసుకోండి, పోట్లాట తర్వాత పెట్టుకుందాం" అన్నాను. వేసుకున్నారు. జబ్బు మళ్లీ రాలేదు.

పోట్లాటంటావా, అది వారం రోజులు నడిచిందిలే! ఆ కాడలిటియ్యి.