మాట వినడమే విధేయత



పిల్లవాడు చెప్పిన పని చేయకపోతే మన ఇళ్లలో తల్లి ఏమంటుంది? "వీడు నా మాట వినడు" అంటుంది. వాడి చెవులు బాగానే ఉన్నాయి, మాట చెవిన పడింది కూడా. అయినా వినలేదనే అంటాం. విని ఊరుకుంటే అది వినడం కాదని మన భాషకే తెలుసు. పాత నిబంధన గ్రంథం వ్రాయబడిన హెబ్రీ భాషలోనూ అంతే. వినడానికీ, లోబడడానికీ అక్కడ ఒకే మాట. యిస్రాయేలీయులు ప్రతిదినం చేసే ప్రార్థన ఆ మాటతోనే మొదలవుతుంది (ద్వితీ 6:4).

రామగుండం, గోదావరిఖని ప్రాంతాల విశ్వాసులకు ఇది కొత్త సంగతి కాదు. భూగర్భ గనిలో కార్మికులు పని మొదలుపెట్టే ముందు సర్దారు ఆ చోటును పరీక్షిస్తాడు. కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టి బండ ఒకలా పలుకుతుంది. లోపల పొర విడిన బండ డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల చప్పుడు చెవిన పడ్డాక కూడా "ఈ ఒక్క షిఫ్టుకు ఏం కాదులే" అనుకుంటే అతడు విన్నట్టా, విననట్టా?

నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపల అనుమతి లేకుండా తవ్వరాదని గనుల నిబంధన ఉంది. నీటి ప్రమాదం ఎంత ఘోరమైనదో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. తప్పెవరిదో తీర్పు చెప్పడం ఇక్కడ మన పని కాదు. నిబంధన కాగితం మీద గీత మాత్రమే కాదనీ, దాని వెనుక మనుషుల ప్రాణాలున్నాయనీ మనం మరువకుంటే చాలు. దేవుని పది ఆజ్ఞలు కూడా అటువంటి హద్దులే. మనల్ని ప్రేమించే తండ్రి మన ప్రాణాన్ని కాపాడడానికి వాటిని నిలిపాడు.

యేసు ప్రభువు ఇద్దరు కుమారుల కథ చెప్పారు (మత్త 21:28-31). తండ్రి ద్రాక్షతోటలో పనికి వెళ్లమంటే ఒకడు సరేనన్నాడు గాని వెళ్లలేదు. మరొకడు వెళ్లనన్నాడు గాని తర్వాత మనసు మార్చుకొని వెళ్లాడు. మన భాషలో చెప్పాలంటే మొదటివాడు మస్టరు వేయించుకొని పనిలోకి దిగనివాడు. ఆదివారం దివ్యబలిపూజలో మన మస్టరు పడుతుంది. సోమవారం మనం ఎక్కడ ఉంటున్నాం?

ఇక మన కుటుంబాలను నిజంగా శోధించే విషయానికి వద్దాం. సింగరేణిలో 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. తర్వాత కారుణ్య నియామకాల మార్గం వచ్చింది. జబ్బు వల్ల కార్మికుడు పనికి తగడని మెడికల్ బోర్డు తేలిస్తే అతని వారసునికి ఉద్యోగం ఇస్తారు. దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవారు, నడుము దెబ్బతిన్నవారు, గుండె జబ్బు పడినవారు దీనిని పొందడం న్యాయం. అందులో సంకోచించవలసినది ఏమీ లేదు.

కాని బాగా ఉన్న తండ్రికి కూడా శోధన వస్తుంది. డిగ్రీ చదివిన కొడుకు ఇంట్లో ఖాళీగా ఉంటాడు. "ఇంత ఇస్తే అన్‌ఫిట్ చేయిస్తాను" అని ఎవడో మధ్యవర్తి ఆశ పెడతాడు. బంధువులు "నీ కొడుకు కోసం ఆ మాత్రం చేయలేవా?" అంటారు. తండ్రి ప్రేమనే ఎరగా వేసే శోధన ఇది. లేని జబ్బును ఉన్నదని వ్రాయించుకోవడం ఎనిమిదవ ఆజ్ఞను మీరడం. పైగా ఆ అబద్ధం వల్ల నిజంగా జబ్బుపడినవాడిని కూడా అనుమానంగా చూస్తారు. పొరుగువానికి చేసే అన్యాయం అది.

సౌలు రాజు ఇటువంటి పరీక్షలోనే ఓడిపోయాడు (1 సమూ 15). అమాలేకీయుల సొత్తులో దేనినీ మిగల్చవద్దని ప్రభువు ఆజ్ఞ. సౌలు బలిసిన గొర్రెలను, ఎద్దులను మిగుల్చుకున్నాడు. సమూవేలు ప్రవక్త నిలదీస్తే, అవి ప్రభువుకు బలి అర్పించడానికేనన్నాడు. ప్రజల ఒత్తిడి అని కూడా సాకు చెప్పాడు. ప్రభువుకు బలికంటె తన మాట వినడమే ఇష్టమని ప్రవక్త బదులు పలికాడు. అబద్ధంతో ఉద్యోగం సంపాదించి, మొదటి జీతంలో కృతజ్ఞత పూజకు డబ్బు ఇస్తే మనది కూడా సౌలు గొర్రెల బలి కాదా? ఆలోచించండి.

"ఫాదర్, చెప్పడం తేలిక. నా కొడుకు సంగతి ఏమిటి?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. విధేయత తేలికని సువిశేషం ఎక్కడా చెప్పలేదు. గెత్సెమని తోటలో ప్రభువు కూడా ఆ పాత్రను తొలగించమని తండ్రిని వేడుకున్నారు. ఆ తర్వాతనే తండ్రి చిత్తానికి తనను అప్పగించుకున్నారు (మార్కు 14:36). కనుక ఏడ్చి అడగడం అవిధేయత కాదు. మాట వినిన ప్రతివానికి వెంటనే ఉద్యోగం వస్తుందని మేము వాగ్దానం చేయలేము. కాని అబద్ధం చెప్పని తండ్రిని చూసి పెరిగిన కొడుకుకు ఒక ఆస్తి దొరుకుతుంది. దానిని ఏ కోర్టూ కొట్టివేయదు.

ఒంటరిగా ఈ భారం మోయనవసరం లేదు. విచారణలో చదువుకున్నవారు నిరుద్యోగ యువకులకు పరీక్షల తయారీలో సాయపడాలి. పనులు చేయించేవారు మన పిల్లలకు చేతిపని నేర్పాలి. విధేయత కోసం నష్టపోయినవానికి తోడు నిలవడం కూడా దేవుని మాట వినడమే.

ఈ వారం ఆచరణకు:

1. రాత్రి కుటుంబ ప్రార్థనలో 1 సమూవేలు 15వ అధ్యాయం చదవండి. "మన ఇంట్లో సౌలు గొర్రెలు ఏవైనా ఉన్నాయా?" అని నిదానంగా మాట్లాడుకోండి.

2. సర్దారు పైకప్పును తట్టినట్లు పడుకునే ముందు ప్రతి ఒక్కరూ తమ అంతరాత్మను తట్టి చూసుకోండి. డొల్లగా పలికితే పాపసంకీర్తనానికి రండి. మొదట వెళ్లనని చెప్పి, తర్వాత వెళ్లిన కుమారుణ్ణి తండ్రి తోసివేయలేదు.

3. పని లేని ఒక యువకుణ్ణి ఈ వారం ఇంటికి పిలిచి, అతని మాట ఓపికగా వినండి.

కానా పల్లెలో సేవకులతో, తన కుమారుడు చెప్పినట్లు చేయమన్న మరియమాత (యోహాను 2:5) మన కుటుంబాల కోసం ప్రార్థించును గాక!