పాత వస్తువులు - కొత్త నవ్వులు



గోడపత్రికకు ఏదైనా రాసివ్వండిరా అంటే మనలో చాలామంది చెప్పే మాట ఒక్కటే: "రాయడానికి ఏముంది?" కలం పట్టుకుని ఆకాశం వంక చూస్తాం. వెన్నెల, గులాబి, కోయిల అని మూడు మాటలు రాసి ఆగిపోతాం. గులాబి తోట మనలో ఎంతమంది చూశారు? చేట చూడనివాడు మాత్రం లేడు. ట్రంకుపెట్టె మీద కూర్చోనివాడూ లేడు. అందుకే ఈ పాఠం మన కళ్ళెదుట ఉన్న వస్తువుల గురించి.

ఇది నేను కొత్తగా చెప్పే సంగతి కాదు. శ్రీశ్రీ గారి 'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది. అందులో 'ఋక్కులు' అనే కవిత ఉంది. ఎంత చిన్న వస్తువునైనా చులకనగా చూడొద్దనీ, కవిత్వానికి పనికిరానిది ఏదీ లేదనీ దాని సారాంశం. మరి ఎలా చూడాలి? ఒక వస్తువు ముందు కూర్చుని నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటి ప్రశ్న: ఇది ఏం పని చేస్తుంది?

చేటనే తీసుకోండి. గింజ బరువు, పొట్టు తేలిక. అమ్మ చెరుగుతుంటే పొట్టు గాలికి ముందుకు ఎగిరిపోతుంది. గింజ వెనక్కి జారి అమ్మ చేతి దగ్గరే నిలుస్తుంది. ఇంతవరకు గమనిస్తే పొడుపుకథ దానంతట అదే వస్తుంది: "ఎగిరేవాణ్ణి పోనిస్తాను, బరువైనవాణ్ణి ఒడిలో పెట్టుకుంటాను. నేనెవర్ని?" సరిగ్గా చూడనివాడికి హాస్యం కూడా రాదు.

రెండో ప్రశ్న: ఇది దేనిలా ఉంది?

పికాసో అనే పేరుమోసిన చిత్రకారుడు 1942లో ఒక పాత సైకిలు సీటునూ హ్యాండిలునూ తీసుకుని రెండింటినీ కలిపాడు. సీటు మొహం అయింది, హ్యాండిలు కొమ్ములయింది. చూస్తే ఎద్దు తల! మన ఇళ్ళలో కరెంటు వచ్చాక అటకెక్కిన లాంతరు ఉంటుంది కదా, దాన్ని కిందికి దించి చూడండి. పక్కన ఉన్న చెవి మెలిపెడితే వత్తి పైకి లేచి వెలుగు పెరుగుతుంది. మా తాత నా చెవి కూడా చాలాసార్లు మెలిపెట్టాడు. వెలుగు మాత్రం రాలేదు.

మూడో ప్రశ్న: దీనికి నోరుంటే ఏమంటుంది?

రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అని పెద్దలు అంటారు. రోలుకి ఒక పక్కే దెబ్బలు, మద్దెలకి రెండు పక్కలా దెబ్బలు. రోలు తన కష్టం చెప్పుకోడానికి తనకంటే ఎక్కువ దెబ్బలు తినేదాని దగ్గరకే పోయింది! రాతికీ తోలుకీ నోరిస్తే ఇంత నవ్వు పుట్టింది. మన బడి గంట ఏమిటి? రైలుపట్టా ముక్క. దానికి నోరిస్తే ఇలా అంటుందేమో: "ఒకప్పుడు నా మీద రైళ్ళు నడిచినా ఓర్చుకున్నాను. ఇప్పుడు చిన్న ఇనపకడ్డీ తగిలితే ఊరంతా వినబడేలా అరుస్తున్నాను. ఏం చెయ్యను, మీరు లేవరు కదా!"

నాలుగో ప్రశ్న: దీని చోటు మారితే ఏమవుతుంది?

మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. పార్వతీశం దొరల దేశానికి బయలుదేరుతూ మోజుపడి టోపీ కొంటాడు. తీరా చూస్తే అది ఆడవాళ్ళ టోపీ! టోపీలో తప్పు లేదు, తలలో తప్పు లేదు. రెండూ కలిసిన చోటే నవ్వు పుట్టింది. ఇంకో సంగతి గమనించండి. ఆ కథంతా పార్వతీశమే తన నోటితో చెబుతాడు. తన మీద తనే నవ్వుకుంటాడు కాబట్టి మనం నవ్వినా అతను చిన్నబోడు.

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ ఏడు కొత్తగా చేరిన తమ్ముడొకడు ఇంటి నుంచి ఎండిన ఆనపకాయ బుర్ర తెచ్చుకున్నాడు. నేను అందరి ముందూ "ఏటిరా, ఒక బుర్ర చాలక రెండో బుర్ర తెచ్చావా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. రెండు రోజులు ఆ బుర్రను పెట్టె వెనక దాచేశాడు, నీళ్ళు కూడా పట్టుకోలేదు. అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు, నేను నవ్వింది వస్తువును చూసి కాదు, వాళ్ళ ఇంటిని చూసి అని.

మూడో రోజు వాడి దగ్గర కూర్చుని, దాన్ని ఎలా చేస్తారని అడిగాను. ముదిరిన కాయను ఎండబెట్టి, లోపలి గుజ్జూ గింజలూ తీసేస్తారట. నడుము సన్నగా ఉంటుంది కాబట్టి తాడు కడితే జారదట. చెప్పడం అయ్యాక వాడే అన్నాడు: "అన్నా, నా రెండో బుర్ర నీళ్ళు పట్టుకుంటాది. మరి నీ ఒక్క బుర్ర ఏటి పట్టుకుంటాది?" ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. మాట అదే, బుర్ర అదే. కానీ మొదటి నవ్వు ఒకణ్ణి మూల కూర్చోబెట్టింది, రెండోది అందర్నీ కలిపింది.

ఆ బుర్ర చిన్న వస్తువు అనుకోకండి. కిన్నెర వాయిద్యానికి నాదం ఇచ్చేవి ఇలాంటి బుర్రలే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఇంకొక్క మాట. గిడుగు రామమూర్తి గారు మాస్టారుగా ఉంటూనే సవరల నోట విని వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆయన కూర్చిన సవర నిఘంటువు 1938లో అచ్చయింది. పెద్ద చదువు చదివినాయన కొండ మీది మాట కోసం అంత శ్రమపడితే, ఆ మాటల మధ్యే పుట్టిన మనం వాటిని పలకడానికి సిగ్గుపడితే ఎలా? ఒక వస్తువు అటకెక్కితే దాని పేరు కూడా అటకెక్కుతుంది. పేరు పోయాక దాని మీద పొడుపుకథ ఎవరు కడతారు?

అభ్యాసం:

1. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీద ఉన్న ఒక పాత వస్తువును దించండి. దాని పేరు, దాని భాగాల పేర్లు మీ ఇంటి భాషలో అమ్మమ్మను, తాతను అడిగి తెలుగు అక్షరాలతో రాసుకోండి.

2. నాలుగు ప్రశ్నలూ వేసి, ఒక పొడుపుకథ గాని, వస్తువు మాట్లాడినట్టు పది వాక్యాలు గాని రాయండి.

3. రాసింది ముందుగా ఆ వస్తువు ఎవరిదో వాళ్ళకి చదివి వినిపించండి. వాళ్ళు నవ్వితేనే గోడపత్రికకు ఇవ్వండి.

వార్డెన్ గారికి ఒక విన్నపం: స్టోరు గదిలో మూలనున్న పాత తిరగలిని ఒక్క ఆదివారం మాకు ఇప్పించండి. విసరడానికి కాదు, దాని కథ వినడానికి. విసరమంటే అదీ చేస్తాం, పిండితో ఏదైనా చేసిపెడితే!