కరెంటు ఊరికే... కాలిన మోటారు ఖర్చు మాత్రం మనదే!

భవానీపురం: "కరెంటు ఊరికే ఇచ్చారు బాబూ, కాలిన మోటారు ఊరికే బాగవదుగా!"

మోటారు వైండింగ్ షాపు ముందు దిగాలుగా కూర్చున్న ఓ కౌలు రైతు మాట ఇది. ఐదు హెచ్.పి. మోటారును ఆటోలో వేసుకుని జి.కొండూరు వైపు నుంచి వచ్చాడు. చేలో వరి పొట్ట మీద ఉంది. రెండు రోజుల్లో మోటారు బిగించకపోతే మడి నెర్రెలు విచ్చుతుంది. పక్కనున్న టీ కొట్టు దగ్గర నలుగురు రైతులు చేరారు. కరెంటు, పన్నులు, ఆదాయం... తలా ఓ మాట అన్నారు. అందులో నాలుగు మాటలు ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా వినపడేవే. వాటిలో నిజమెంతో లెక్క వేసి చూద్దాం.

మొదటి మాట: "కరెంటు ఉచితం. ఎంతసేపు ఆడితే మనకేం?"

2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం చేశారు. బోరు కింద సేద్యం చేసే చిన్న రైతుకు అది పెద్ద ఆసరా. అయితే బిల్లు రాకపోతే ఖర్చు లేనట్టు కాదు. ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు. ఐదు హెచ్.పి. మోటారు నష్టాలతో కలిపి గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు లాగుతుంది. రోజుకు తొమ్మిది గంటలు ఆడితే 40 యూనిట్లు.

భవానీపురం దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళితే థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు కనపడతాయి. 1979లో అక్కడ మొదటి యూనిట్ మొదలైంది. బొగ్గుతో తీసే కరెంటుకు యూనిట్‌కు ముప్పావు కిలో అటూ ఇటూగా బొగ్గు కావాలి. అంటే మన ఒక్క మోటారుకే రోజుకు 30 కిలోల బొగ్గు. ఆ డబ్బు ప్రభుత్వం సబ్సిడీగా కడుతుంది. ప్రభుత్వానికి ఆ సొమ్ము వచ్చేది జనం కట్టే పన్నుల్లోంచే.

కాలువ కింద రైతులూ మాకు సంబంధం లేదనుకోకూడదు. 2015లో మొదలైన పట్టిసీమ పథకంలో గోదావరి నీటిని మోటార్లతో ఎత్తి, పోలవరం కుడి కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతున్నారు. కృష్ణకు వరద ఆలస్యమైన ఏడాది డెల్టా నారుమడికి వచ్చే నీటిలోనూ కరెంటు ఉంది.

రెండో మాట: "పెద్ద మోటారు పెడితే నీళ్లు ఎక్కువొస్తాయి"

బోరులో ఊట ఎంత ఉంటే నీళ్లూ అంతే. మూడు హెచ్.పి. సరిపోయే బోరుకు ఐదు హెచ్.పి. దించితే కాసేపటికి నీటిమట్టం పడిపోయి మోటారు గాలి లాగుతుంది. అనుమతి ఒకటి, పెట్టింది ఒకటి అయితే ట్రాన్స్‌ఫారం మీద భారం పెరుగుతుంది. ఓల్టేజి పడిపోతే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కుతుంది. వైండింగ్ కాలేది అప్పుడే.

ఆటో స్టార్టర్ల సంగతి కూడా అంతే. రాత్రి లేచి వెళ్లే పని లేదని పెట్టుకుంటాం. సరఫరా రాగానే ఆ ట్రాన్స్‌ఫారం కింద మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫారం ఆ దెబ్బకు ఆగదు. అది కాలితే ఒకరి చేను కాదు, దాని కింద ఉన్న చేలన్నీ ఎండుతాయి.

మూడో మాట: "రైతుకు పన్ను లేదు"

సగం నిజం. పంట మీద వచ్చే ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. కానీ కొనే ప్రతి వస్తువులోనూ పన్ను కడుతూనే ఉన్నాం. 2017 జులై 1 నుంచి జి.ఎస్.టి. వచ్చింది. ఎరువులపై 5 శాతం, రసాయన పురుగుమందులపై 18 శాతం. 1,350 రూపాయల డి.ఎ.పి. బస్తాలో పన్ను సుమారు 64 రూపాయలు. 1,180 రూపాయల మందు డబ్బాలో పన్నే 180. ఇంజను ఆడించే డీజిలుకు జి.ఎస్.టి. లేదు గానీ కేంద్ర ఎక్సైజు సుంకం, రాష్ట్ర వ్యాట్ ఉన్నాయి. వ్యాపారి తాను కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకం పన్నులో సర్దుకుంటాడు. చిన్న రైతుకు ఆ వీలు లేదు.

కొన్ని తగ్గాయి కూడా. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, బిందు, తుంపర సేద్య పరికరాలపై పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. కొనేటప్పుడు బిల్లు అడిగి తీసుకుంటేనే ఆ తగ్గింపు మనదాకా వచ్చిందో లేదో తెలుస్తుంది.

నాలుగో మాట: "బస్తాలు పండితే ఆదాయం వచ్చినట్టే"

ఉదాహరణకు ఎకరాకు 30 బస్తాలు పండాయనుకుందాం. కౌలుకు పది పోతే మిగిలేవి 20. 2025-26 సీజనుకు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369. అంటే 75 కిలోల బస్తాకు 1,777 రూపాయలు. ఇరవై బస్తాలకు 35,540. దున్నకం, నాట్లు, ఎరువులు, మందులు, కోత కలిపి 24 వేలు అయితే చేతిలో మిగిలేది 11,540. ఇప్పుడు మోటారు ఒక్కసారి కాలి, విప్పడం, బాడుగ, వైండింగ్, బిగింపు కలిపి నాలుగు వేలు అయిందనుకోండి. మిగులులో మూడో వంతుకు పైగా పోయినట్టే. ఎండిన చేను నష్టం ఇందులో కలపలేదు. బిల్లు లేని కరెంటు ఈ దారిన మన దగ్గర వసూలు చేసుకుంటోంది.

ఏం చేయాలి?

* మోటారుకు తగిన కెపాసిటర్ పెట్టాలి. మూడు హెచ్.పి.కి 1 కె.వి.ఎ.ఆర్., ఐదు హెచ్.పి.కి 2 కె.వి.ఎ.ఆర్. సరిపోతుంది. ఖర్చు తక్కువ, మోటారుకు రక్షణ ఎక్కువ.

* ఐ.ఎస్.ఐ. మార్కు పంపుసెట్టు, రాపిడి తక్కువున్న ఫుట్ వాల్వు, ఆర్.పి.వి.సి. లేదా హెచ్.డి.పి.ఇ. పైపులు వాడాలి. కెపాసిటర్‌తో పాటు ఇవన్నీ ఉచిత విద్యుత్‌కు మొదట్లో పెట్టిన షరతులే. మూల మలుపుల బదులు పొడవాటి బెండు వేస్తే నీరు తేలిగ్గా పారుతుంది.

* ఆటో స్టార్టర్ తీసేయాలి. ట్రాన్స్‌ఫారం కింద రైతులంతా మాట్లాడుకుని వంతులవారీగా మోటార్లు వేసుకోవాలి.

* వరిలో పిలకలు వేసే దశలో నిత్యం నీరు నిలవక్కర్లేదు. పెట్టిన నీరు ఇంకాక మళ్లీ తడి ఇవ్వొచ్చు. పొట్ట, పూత దశల్లో మాత్రం బెట్ట తగలనీయకూడదు.

* ట్రాన్స్‌ఫారం ఫ్యూజు పోతే సొంతంగా ఎక్కవద్దు. 1912కు ఫోన్ చేయండి, లేదా లైన్‌మన్‌ను పిలవండి. మోటారు కాలితే మళ్లీ చుట్టించుకోవచ్చు. మనిషి పోతే తిరిగి రాడు.

* పది రూపాయల నోటు పుస్తకం ఒకటి పెట్టుకోండి. మోటారు ఆడిన గంటలు, రిపేరు ఖర్చు, బిల్లులో పన్ను మూడూ రాయండి. సీజను చివర కూడితే ఉచితం ఎంతో, ఖర్చు ఎంతో మీకే తెలుస్తుంది.

ఆ కౌలు రైతు మోటారు సాయంత్రానికి చేతికొచ్చింది. ఆటో ఎక్కేముందు షాపులో కెపాసిటర్ ధర అడిగాడు. ఈ పని కిందటి ఏడాదే చేసి ఉండాల్సిందండీ అంటూ జేబులోంచి డబ్బు తీశాడు.