బందెలదొడ్డి - గ్రామసేవ

బందెలదొడ్డి యనగానే మన పల్లెలలో రెండు విధములైన మాటలు వినవచ్చును. పైరు పోగొట్టుకొనిన రైతు "తోలి పడవేయుడు, అప్పుడుగాని బుద్ధి రాదు" అనును. పశువు గలవాడు "అందులో నాలుగు దినములున్న గొడ్డు మరల కోలుకొనదు" అనును. బందెలదొడ్డి యొక చెరసాల యను భావమే ఈ రెండు మాటలలోను ఉన్నది. దానిని కట్టించి, కాపరిని నియమించి, లెక్కలు చూడవలసిన పంచాయతీ సభ్యులలో సహితము పెక్కుమందికి ఆ భావమే కలదు. ఇది సరియైనది కాదని మా అభిప్రాయము. నగరములలో జంతు సంరక్షణశాలలు వెలయుటకు ఎంతో ముందే పల్లెకు తనదైన జంతుశాల యొకటి ఉండెను. అది బందెలదొడ్డియే. అది చక్కగా నడచినచో పైరు గలవానికి, పశువు గలవానికి, నోరులేని పశువునకు, తుదకు ఏ పశువును లేని ఇరుగుపొరుగు వారికి గూడ ఉపకారమే. అది యెట్లో ఈ పాఠమున వివరింతుము.

మన దేశమున బందెలదొడ్లకు మూలమైన శాసనము 1871వ సంవత్సరమున చేయబడినది. దానికి పశువుల అక్రమ ప్రవేశ శాసనమని పేరు. నూట ఏబది యేండ్లు దాటినను దానిలోని ఏర్పాటు ఆలోచించి చేసినదే. చేనిలో పడి పైరు పాడుచేయుచున్న పశువును రైతు పట్టుకొనవచ్చును. కాని తన ఇంట కట్టివేసికొనరాదు. 24 గంటలలోగా బందెలదొడ్డికి పంపవలెను. యజమాని వచ్చి బందెయు, మేత ఖర్చును చెల్లించి విడిపించుకొనిపోవచ్చును. తన పశువును అక్రమముగా పట్టినారని యజమాని తలచినచో, ఆ పైకమును డిపాజిట్టుగా కట్టి పశువును ముందు విడిపించుకొని, పట్టిన దినము మొదలు 10 దినములలోగా మేజిస్ట్రేటు నొద్ద ఫిర్యాదు చేసికొనవచ్చును. అనగా ఇద్దరు మనుష్యుల తగవు తేలువరకు పశువు ఆకలితో మాడనవసరము లేదు. దొడ్డికి పోవు పశువును దారిలో అడ్డగించి బలవంతముగా తోలుకొనిపోవుట మాత్రము నేరము.

కఱ్ఱలు లేవవలసిన చోట ఒక కాగితము లేచునట్లు చేయుటయే ఈ ఏర్పాటులోని మేలు. ఆ కాగితము దొడ్డి రిజిస్టరు. పశువుల సంఖ్య, వాని గుర్తులు, దొడ్డికి వచ్చిన దినము, గంట, తెచ్చినవాని పేరు, ఊరు, తెలిసినచో యజమాని పేరు, ఊరు, ఇవన్నియు అందులో వ్రాయవలెను. వ్రాసిన దానికి నకలు తెచ్చినవానికి ఇయ్యవలెను. మేము పర్యటనలలో చూచిన రిజిస్టర్లు కొన్నింటిలో "ఎఱ్ఱ ఆవు 1" అని మాత్రమే యుండెను. ఊరిలో ఎఱ్ఱ ఆవులు ఏబది యుండగా ఆ వ్రాతవలన ఎవరికి ప్రయోజనము? "ఎఱ్ఱ ఆవు, నాలుగవ ఈత, కుడికొమ్ము కొన విరిగినది, నుదుట తెల్లచుక్క, ఎడమ తొడపై వాతలు" అని వ్రాసినప్పుడు అది సాక్ష్యమగును. గంట వ్రాయుటయు చిన్న విషయము కాదు. మేత ఖర్చు దానినిబట్టియే లెక్కకు వచ్చును. రాత్రి తెచ్చిన పశువును తెల్లవారి తెచ్చినట్లు వ్రాసినచో తగవు అక్కడనే మొదలగును.

నేడు ఈ పని మునుపటికంటె తేలికయైనది. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నివారణ కార్యక్రమము క్రింద పశువుల చెవులకు 12 అంకెలు గల పసుపుపచ్చని బిళ్లలు వేయుచున్నారు. ఆ సంఖ్యతో పశువు వివరములు, యజమాని పేరు నమోదై యుండును. దొడ్డికి వచ్చిన పశువునకు బిళ్ల యున్నచో కాపరి మొదట చేయవలసిన పని ఆ 12 అంకెలను తప్పులేకుండ రిజిస్టరులో వ్రాసి పశువైద్యశాల సిబ్బందికి తెలుపుట. యజమాని పొరుగు మండలము వాడైనను సాయంత్రములోగా కబురు చేరగలదు. పశువు దినమంతయు దొడ్డిలో నుండుటకు, ఒక పూటలో ఇల్లు చేరుటకు గల భేదము ఆ అంకెలలో నున్నది. బిళ్ల కోసి పారవేసి పశువును ఊరిమీదికి వదలువారును లేకపోలేదు. తెగిన చెవిని గూడ గుర్తులలో వ్రాయవలెను.

ఇక మేత, నీరు. దొడ్డిలోని పశువునకు మేతయు, నీరును పెట్టుట కాపరి విధియని శాసనమే చెప్పుచున్నది. ఇది దయతో చేయు పని కాదు, జీతము తీసికొని చేయవలసిన పని. ఎండకాలమున పెద్ద పశువు దినమునకు సుమారు 40 మొదలు 60 లీటర్ల నీరు త్రాగును. గేదెకు ఇంకను ఎక్కువ కావలెను, దానికి నీడయు తప్పదు. 300 కిలోల బరువు గల ఆవునకు దినమునకు 6, 7 కిలోల ఎండుమేత వలయును. ఈ లెక్క తెలిసినచో "మోపు గడ్డి వేసితిని" అను కాపరి మాటను సభ్యులు పరీక్షింపగలరు; ఆ మోపు ఎన్ని పశువుల మధ్య పడినదని అడిగిన చాలును. దొడ్డిలో మొదట కట్టవలసినది గోడ కాదు, నీటితొట్టి. రెండవది చెట్టుగాని, రేకుల పంచగాని. గోడ ఎత్తుగా నున్నదని మాకు చూపి సంతోషించిన ఊళ్లు కలవు. వానిలో కొన్నింట తొట్టిలో ఎండుటాకులు తప్ప మరేమియు లేవు.

పాడిపశువు వచ్చినప్పుడు మరియొక చిక్కు కలదు. దూడ ఇంట నుండును, తల్లి దొడ్డిలో నుండును. పూటకు పాలు తీయనిచో పొదుగు గట్టిపడి వాపు వచ్చును. దూడ అక్కడ ఆకలికి అరచును. అట్టి పశువు యజమానికి ఆ పూటయే కబురు పంపుట, వచ్చువరకు పాలు పిండించి ఆ పాల లెక్క వ్రాయుట మంచి పద్ధతి. పాలు కాపరివను ఆచారము కొన్నిచోట్ల నున్నది. ఆ ఆచారమున్న దొడ్డిలో పాడిపశువులు ఆలస్యముగా విడుదలయగుటలో వింత లేదు.

జబ్బుపడిన పశువును మిగిలిన వానితో కలిపి కట్టరాదు. గాలికుంటు గల పశువొక్కటి దొడ్డిలో పడినచో, అక్కడనుండి విడుదలయైన ప్రతి పశువును ఆ వ్యాధిని తన ఇంటికి మోసికొనిపోవును. మూలనొక చిన్న పాకను వేరుగా ఉంచి, పశువైద్య సంచార వాహనమునకై 1962 సంఖ్యకు ఫోను చేయవలెనని కాపరికి నేర్పవలెను. ఆ సంఖ్యను దొడ్డి గోడమీదనే పెద్ద అంకెలతో వ్రాయించుట మేలు. దాని ప్రక్కనే బందె యెంతయో, దినమునకు మేత ఖర్చు ఎంతయో వ్రాయింపవలెను. రేటు గోడమీద నున్నచో నోటితో బేరము సాగదు.

ఏడు దినములలో ఎవరును విడిపించుకొననిచో కాపరి సమీప పోలీసు స్టేషనుకు తెలుపవలెను. అక్కడ నోటీసు అంటించి, పశువును పట్టిన ఊరిలోను, దగ్గరి సంతలోను దండోరా వేయింపవలెనని 1871 నాటి శాసనము. తరువాత మరి ఏడు దినములకును ఎవరు రానిచో బహిరంగ వేలము. బందె, మేత, వేలపు ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము యజమానిదే. ఆ వేలములో కాపరి స్వయముగాగాని మరియొకరి పేరుతోగాని పాడరాదు. ఈ నిషేధము శాసనమున వ్రాసిపెట్టి యున్నది. ఏల వ్రాసిరో పల్లెలలో నివసించువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఎవరును రాని పశువులు నానాటికి పెరుగుచున్నవి. ట్రాక్టరు వచ్చిన తరువాత దుక్కిటెద్దునకు పని తగ్గినది. మగదూడను మేపు ఓపిక పేదరైతునకు లేదు. 2019 నాటి పశుగణనలో దేశమందు యజమాని లేక తిరుగు పశువులు 50 లక్షలకు మించి లెక్కకు వచ్చినవి. పెంచిన పశువును ఆకలిదప్పులకు వదలివేయుట 1960 నాటి జంతుహింస నివారణ శాసనము ప్రకారము నేరమే. అయినను శిక్ష ఒక్కటే దీనికి మందని మేము చెప్పజాలము. పంచాయతీ ముందుగనే సమీపమున నున్న గోశాలతో మాట్లాడుకొని, సంవత్సరమునకు ఎన్నింటిని వారు తీసికొనగలరో తెలిసికొనియుండవలెను. దొడ్డి నిండిన తరువాత వెదకినచో గోశాలయు నిండియే యుండును.

1871 శాసనము "పశువు" అను మాటకు చెప్పిన అర్థములో ఆవు, గేదెలతోపాటు ఏనుగు, ఒంటె, గుఱ్ఱము, గాడిద, పంది, గొఱ్ఱె, మేకలు గూడ చేరినవి. మన పల్లెలలో ఎవరి చేనిలోను ఒంటె పడి మేసిన జాడ లేదు. దానికి చోటు దొరకినది. కుక్కకు మాత్రము దొరకలేదు. అది పైరు తినదు గదా! కాని నేడు ప్రజలు పంచాయతీ గడప త్రొక్కి మొరపెట్టుకొను జంతువు కుక్కయే. కావున బందెలదొడ్డి ఈ విషయమున గ్రామమునకు ఏమి చేయగలదో ఆలోచింపవలసియున్నది.

పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబిస్ వ్యాధి లక్షణములు పైకి తేలిన తరువాత మరణము దాదాపు తప్పదు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది దీనివలన మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అనుమానింపదగిన జంతువుల కాటునకు గురియగువారిలో నూటికి 40 మంది 15 యేండ్లలోపు పిల్లలు. మనుష్యులకు ఈ వ్యాధి సోకుట నూటికి 99 పాళ్లు కుక్కల మూలముననే. ఊరి కుక్కలలో నూటికి 70కి తగ్గకుండ టీకాలు వేసి యేటేట సాగించినచో వ్యాధి వ్యాపింపలేదు. మనదేశమున 2030 నాటికి ఈ మరణములు లేకుండ చేయవలెనని 2021లో జాతీయ ప్రణాళిక ప్రకటింపబడినది.

కుక్కలకు విషము పెట్టించినచో పీడ విరగడయగునను ఆలోచన కొన్ని ఊళ్లలో పుట్టుచున్నది. ఇది నేరము, 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 325వ విభాగము ప్రకారము ఐదేండ్లవరకు శిక్ష పడవచ్చును. నేరమగుట అటుంచి, పనికిరాని ఉపాయము గూడ. చంపిన కుక్కల చోటును పొరుగూరి కుక్కలు ఆక్రమించును. వానికి టీకాలు ఉండవు. చెన్నపట్టణమున ఈ అనుభవము ఎప్పుడో కలిగినది. అక్కడ 1959లో వెలసిన బ్లూక్రాస్ సంస్థ కుక్కలకు సంతాన నిరోధ శస్త్రచికిత్స చేసి, పట్టినచోటనే విడుచు పద్ధతిని 1964లో ఆరంభించినది. నగరపాలక సంస్థ మాత్రము చంపుటయే సాగించెను. అయినను కుక్కలు తగ్గలేదు. తుదకు 1996లో ఆ సంస్థయు ఈ పద్ధతికే వచ్చినది. 2001లోను, మరల 2023లోను కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములు దీనినే స్థానిక సంస్థల బాధ్యతగా నిర్ణయించినవి. బడులు, ఆసుపత్రులు, బస్సుస్టాండ్లు మొదలగు స్థలములనుండి పట్టిన కుక్కలను మరల అచ్చట విడువక సంరక్షణశాలలలో ఉంచవలెనని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7వ తేదీన ఆదేశించినది.

శస్త్రచికిత్స బందెలదొడ్డిలో చేయదగినది కాదు. అది గుర్తింపు పొందిన కేంద్రములోనే జరుగవలెను. నాలుగైదు పంచాయతీలు కలిసి ఏర్పాటు చేసికొన్నచో ఖర్చు కలిసివచ్చును. కాని టీకాలకు దొడ్డియే తగిన స్థలము. గోడ యున్నది, తలుపున్నది, నీరున్నది. దినము ముందుగా దండోరా వేయించి, పెంపుడు కుక్కలను గొలుసులతో తెప్పించి, వీధికుక్కలకు దినమును అన్నము పెట్టు ఇల్లాండ్రచే వానిని పిలిపించినచో సగము పని వల లేకుండనే యగును. కుక్కలను ఎఱిగినవారు వారే. పట్టువాని గుప్పిటకంటె వారి పిలుపునకు బలము హెచ్చు.

కఱచిన కుక్కను 10 దినములు వేరుగా ఉంచి చూచుటకు దొడ్డిలో నొక గట్టి గది యుండవలెను. ఆ 10 దినములలో అది చచ్చినను, రోగలక్షణములు కనబడినను వెంటనే ఆసుపత్రికి తెలుపవలెను. అయితే కఱవబడిన మనిషి ఆ ఫలితమునకై వేచియుండరాదు. పుండును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు ఏదియు పెట్టరాదు. ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొని, తరువాతి మోతాదులను చెప్పిన తేదీలకు తప్పక వేయించుకొనవలెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడుతురను భయము పెద్దలలో ఇంకను మిగిలియున్నది. ఆ పాత మందును మన దేశమున 2005 నాటికే మానివేసినారు. నేటి సూదులు భుజమునకే.

దొడ్డి కాపరికి మరియొక సంగతి తప్పక చెప్పియుంచవలెను. పిచ్చికుక్క కఱచిన ఆవుగాని గేదెగాని చొంగ కార్చుచు, మేత మ్రింగలేక, వింతగా అరచును. గొంతులో ఏదియో అడ్డుపడినదని తలచి దాని నోటిలో చేయి పెట్టువారు కలరు. ఆ చొంగలోనే వ్యాధి యున్నది. చేతిపై చిన్న గీఱు చాలును. అట్టి పశువును ముట్టక, వేరుగా ఉంచి, పశువైద్యుని పిలువవలెను. దాని పాలను ఎవరికిని ఇయ్యరాదు. ఇదివరకే ముట్టినవారు చేతులు కడుగుకొని ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

ఏటేట సెప్టెంబరు 28వ తేదీని రేబిస్ దినముగా పాటించుచున్నారు. పంచాయతీ సభ్యులు ఆ తేదీకి నెల ముందుగనే పశువైద్యునితో మాట్లాడి టీకాల లెక్క తెప్పించుకొని, దొడ్డి తొట్టికి నీరు పట్టించి, రిజిస్టరు వెనుక పుటలలో కుక్కలకు వేరొక పట్టిక గీయించవలెను. అందులో వీధి పేరు, కుక్క రంగు, ఆడదో మగదో, టీకా వేసిన తేదీ యుండవలెను. మరుసటి సంవత్సరము ఆ పుటయే తెరచి, టీకాలు మొదలు పెట్టవలసిన వీధి యేదియో చూచుకొనవచ్చును.