మలుపులో మోటారుబండి

స్టీరింగు చక్రమును త్రిప్పినంతనే మోటారుబండి ఆ దిక్కునకే పోవునని మనలో పెక్కుమంది తలంచెదరు. కాని బండిని త్రిప్పునది టైరునకును నేలకును నడుమ గల పట్టు. అల్లూరునుండి జాతీయ రహదారికిని, తీరమున నున్న ఇస్కపల్లికిని పోవు త్రోవలు వరిపొలముల నడుమ సాగును. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరు చక్రముల బురద తారురోడ్డుపై రాలును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు దానిని మరింత జారుడు చేయును. ఆ త్రోవల అంచుననే బాలబాలికలు బడికి నడుచుదురు గనుక ఈ విషయము మన మెరుగవలసినది.

మొదట లెక్క చూతము. వస్తువు వంపుదారిని పోవుటకు లోపలి వైపునకు లాగు అభికేంద్రబలము కావలెను. ద్రవ్యరాశిని వేగముయొక్క వర్గముచే గుణించి, వంపుయొక్క వ్యాసార్ధముచే భాగించిన ఆ బలము తెలియును. 1000 కిలోగ్రాముల కారు 40 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును గంటకు 36 కిలోమీటర్ల, అనగా సెకనుకు 10 మీటర్ల వేగముతో తిరిగినయెడల 2500 న్యూటనులు చాలును. వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లై 10000 న్యూటనులు కావలెను. ఆ కారుయొక్క భారమే సుమారు 9800 న్యూటనులు. సాధారణమైన టైరునకు పొడిరోడ్డుపైనను అంత ఘర్షణ దొరకుట దుర్లభము, బురదలో చెప్పనక్కరలేదు.

ఇక రబ్బరుయొక్క స్వభావము. ప్రక్కబలము తగిలినప్పుడు టైరు కొంచెము వంగును. అందుచే చక్రము చూచు దిక్కును, అది నిజముగా పోవు దిక్కును ఒక్కటి కావు. ఈ రెంటి నడుమ నుండు కోణమునకు జారుడు కోణమని పేరు. ముందు చక్రములకొకటి, వెనుక చక్రములకొకటి యుండును. వీనిలో నేది పెద్దదో దానినిబట్టి బండి నడత మారును.

ఇద్దరు కూలీలు పొడుగైన తాటిదూలమును మోసికొని తడిగట్టుపై మలుపు తిరుగుచున్నారనుకొనుడు. ముందువాని కాలు జారినయెడల దూలపు ముందుకొన మలుపు తిరుగక వెలుపలికి పోవును. వెనుకవాని కాలు జారినయెడల వెనుకకొన వెలుపలికి విసరుకొని, ముందుకొన లోపలికి తిరిగిపోవును. బండిలో మొదటిదానిని అండర్‌స్టీర్, అనగా కోరినదానికంటె తక్కువ తిరుగుట యందురు. రెండవది ఓవర్‌స్టీర్, అనగా కోరినదానికంటె ఎక్కువ తిరుగుట. 1930 దశకములో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థలో పనిచేసిన ఆంగ్ల ఇంజనీరు మారిస్ ఆలీ ఈ విషయమును శోధించినవారిలో ముఖ్యుడు.

సామాన్యమైన కార్లను కొంచెము అండర్‌స్టీర్ కలుగునట్లే నిర్మింతురు. ఏలయనగా అట్టి బండిలో భయపడినవాడు వేగము తగ్గించిన చాలును, అది తిరిగి దారికి వచ్చును. ఓవర్‌స్టీర్ బండియో, ఒక వేగము దాటిన పిమ్మట నిలకడ తప్పి గిఱ్ఱున తిరుగును.

దీనికొక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. 1960 నమూనాగా అమెరికాలో వెలువడిన షెవ్రొలే కార్వెయిర్ కారునకు ఇంజను వెనుక నుండెను. బరువు వెనుక నెక్కువగుటచే ఓవర్‌స్టీర్ కలుగకుండుటకై, చదరపు అంగుళమునకు ముందు టైర్లలో 15 పౌనులు, వెనుక టైర్లలో 26 పౌనులు గాలి యుంచవలెనని తయారీదారులు విధించిరి. గాలి తక్కువైన ముందు టైరు ఎక్కువగా వంగి, ఆ దోషమును సరిదిద్దును. నాలుగింటను సమానముగా నింపినచో ఆ రక్షణ పోవును. 1965లో రాల్ఫ్ నేడర్ తన గ్రంథమున ఈ కారును తీవ్రముగా విమర్శించెను. 1972లో ప్రకటితమైన ప్రభుత్వ పరిశీలన, అది తనకాలపు తోటి కార్లకంటె అపాయకరము కాదని తేల్చెను. వాదమెట్లున్నను, టైరులోని గాలికూడ మలుపును శాసించునను పాఠము నిలిచినది.

ముందుచక్రములు జారుచున్నపుడు స్టీరింగును ఇంకను త్రిప్పుట వ్యర్థము. యాక్సిలరేటరునుండి మెల్లగా కాలు తీసి, పట్టు మరల దొరకువరకు స్టీరింగును కొంచెము సడలింపవలెను. తోక జారుచున్నపుడు అది ఏ వైపునకు పోవునో ఆ వైపునకే స్టీరింగును త్రిప్పవలెను. గట్టిగా బ్రేకు వేయరాదు. బ్రేకు వేసినప్పుడు భారము ముందునకు వచ్చి, వెనుకచక్రములు తేలికై, మరింత జారును.

1995లో బాష్, మెర్సిడెస్-బెంజ్ సంస్థలు ఈ జారుడును తానే కనిపెట్టి, ఒక్కొక్క చక్రమునకు వేరువేరుగా బ్రేకు వేయు విద్యుత్ సాధనమును కార్లలోనికి తెచ్చినవి. అయినను అది నేలలో లేని పట్టును పుట్టింపజాలదు. కనుక మలుపులోనికి ప్రవేశింపకమునుపే, బండి తిన్నగా పోవుచుండగనే, వేగము తగ్గించుట ఉత్తమమైన ఉపాయము. మూడుచక్రముల ఆటో జారకమునుపే ఒరిగిపోవచ్చును గాన, పిల్లలను క్రిక్కిరియ నెక్కించి మలుపులలో తొందరపడుట తగదని తలిదండ్రులు కూడ గమనింతురు గాక.

అభ్యాసము: 1000 కిలోగ్రాముల కారు 25 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును గంటకు 45 కిలోమీటర్ల వేగముతో తిరుగవలెను. తడిరోడ్డు ఆ కారు భారములో సగముమాత్రమే ప్రక్కబలముగా నీయగలదు. కారు మలుపు తిరుగునా? తిరుగనిచో వేగమును ఎంతకు తగ్గింపవలెను?