గరాజులో కోత యంత్రం, పొలంలో స్టార్టరు

న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్లెయిన్స్‌బరో పేరు వినగానే భౌతికశాస్త్రం తెలిసినవారికి అక్కడి ప్లాస్మా పరిశోధనాలయం గుర్తుకు వస్తుంది. 1982 నుండి 1997 వరకు అక్కడ పనిచేసిన టోకమాక్ యంత్రం 1994లో క్షణకాలం పాటు 10.7 మెగావాట్ల సంలీన శక్తిని వెలువరించింది. అయితే ఈ వ్యాసానికి విషయం ఆ మహాయంత్రం కాదు. అదే ఊరిలో ఒక తెలుగు కుటుంబం తమ గరాజులో అల్యూమినియం పట్టాలు, స్టెప్పర్ మోటార్లు, ఒక చేతి రౌటరు కూర్చి చెక్కను కోసే సి.ఎన్.సి. యంత్రాన్ని నిర్మించుకొన్నదని అనుకొందాం. తండ్రి పక్కనే పన్నెండేళ్ళ కుమార్తె నిలబడి చూస్తున్నది. రౌటరు బిట్టు నిమిషానికి 10,000 నుండి 30,000 చుట్లు తిరుగుతుంది. అటువంటి యంత్రాన్ని నడపడం ఒక వారాంతంలో నేర్చుకోవచ్చును. దానిని ఎట్లా ఆపవలెనో మాత్రం మొదటి మోటారు తిరగక ముందే నిర్ణయించుకొని ఉండాలి.

సి.ఎన్.సి. అనగా అంకెలలో వ్రాసిన ఆదేశాల ప్రకారం కంప్యూటరు నడిపే యంత్రం. జాన్ పార్సన్స్ అనే అమెరికన్ ఆలోచనతో మొదలైన ఈ పద్ధతి 1952లో ఎం.ఐ.టి. ప్రదర్శించిన మిల్లింగ్ యంత్రంతో రూపు దాల్చింది. ఆనాడు నియంత్రణకు అలమరల నిండా రేడియో వాల్వులు కావలసి వచ్చాయి. నేడు అరచేతిలో ఇమిడే ఆర్డ్యునో పలక చాలు. అందులో వేసుకొనే ఉచిత సాఫ్ట్‌వేర్లలో 2009లో మొదలైన గర్బిల్ ఇంటి నిర్మాతలకు బాగా పరిచితమైనది.

గర్బిల్‌కు మొట్టమొదట చెప్పవలసినది మిల్లీమీటరుకు ఎన్ని అడుగులు అన్న లెక్క. సాధారణ స్టెప్పర్ మోటారు ఒక చుట్టును 200 అడుగులలో పూర్తి చేస్తుంది. డ్రైవరు ఒక్కొక్క అడుగును ఎనిమిదిగా విభజిస్తే అవి 1,600 అవుతాయి. మర ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు ముందుకు జరిపితే, 1,600ను 8తో భాగించగా వచ్చిన 200 అనే సంఖ్యను $100 అనే స్థానంలో నింపాలి. ఇక్కడ పొరపాటున 400 వ్రాస్తే యంత్రం అడిగిన దూరానికి రెట్టింపు పరుగెత్తుతుంది. పైగా తాను సరిగానే నడిచానని సాఫ్ట్‌వేరు నమ్ముతుంది. ఎందుచేతనంటే అది తాను పంపిన అడుగులను మాత్రమే లెక్కపెడుతుంది. యంత్రం నిజంగా కదిలినదా లేదా అన్నది దానికి తెలియదు. కళ్ళకు గంతలు కట్టుకొని అడుగులు లెక్కిస్తూ నడిచే మనిషి, దారిలో ఎవరైనా పట్టి ఆపినా లెక్క మానకపోతే ఎట్లా ఉంటుందో ఇదీ అట్లాగే ఉంటుంది.

అందువలన ప్రతి అక్షం చివరా లిమిట్ స్విచ్చి పెడతారు. యంత్రాన్ని ఆన్ చేయగానే మెల్లగా ఆ స్విచ్చిని తాకించి, లెక్కకు ఆరంభ స్థానం నిర్ణయించడం హోమింగ్. దీనిని $22 అనుమతిస్తుంది. హద్దు దాటే ఆదేశాన్ని ముందుగానే తిరస్కరించే మృదువైన పరిమితి $20. స్విచ్చి తగిలిన మరుక్షణం కదలికను నిలిపివేసే కఠినమైన పరిమితి $21. మొదటిది హోమింగ్ జరిగితే తప్ప పనిచేయదు. రెండవది పనిచేసిన తరువాత పాత లెక్కను నమ్మకూడదు, మళ్ళీ హోమింగ్ చేయాలి.

ఈ స్విచ్చిని తీగలతో కలపడంలో ఒక సూక్ష్మం ఉన్నది. తాకినప్పుడు వలయం మూసుకొనే విధంగా కలిపితే, తీగ తెగిపోయిన రోజున స్విచ్చి తాకినా కబురు అందదు. తెగిన తీగా, ప్రశాంతంగా ఉన్న స్విచ్చీ కంప్యూటరుకు ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకు బదులు ఎల్లప్పుడూ మూసి ఉండి, తాకినప్పుడు తెరుచుకొనే విధంగా కలపాలి. అప్పుడు తెగిన తీగ కూడా ప్రమాదంగానే నమోదవుతుంది. గర్బిల్‌లో దీనికోసం $5 స్థానంలో 1 వ్రాయాలి. పాతకాలపు రైల్వే సిగ్నలు తీగ తెగితే బరువు లాగడంతో చేయి దానంతట అదే అడ్డంగా నిలిచి 'ఆగు' అని చెప్పేది. ఇదీ అదే ఉపాయం.

అయినా లిమిట్ స్విచ్చి ఆపేది అక్షాల కదలికను మాత్రమే. చేతి రౌటరు గోడ ప్లగ్గు నుండి నేరుగా కరెంటు తీసుకొంటూ, ఒకేచోట తిరుగుతూ చెక్కను మాడుస్తూనే ఉంటుంది. కుమార్తె చొక్కా చేయి చిక్కుకొంటే కావలసినది మరొక ఏర్పాటు. అదెట్లా ఉండాలో మన పల్లెలలో పంపుసెట్టు చూసినవారందరికీ తెలుసు.

బావి దగ్గర స్టార్టరు పెట్టెకు ఒక పచ్చ బొత్తాము, ఒక ఎర్ర బొత్తాము ఉంటాయి. పచ్చది నొక్కగానే లోపలి తీగచుట్టకు కరెంటు అంది, అది అయస్కాంతమై మోటారు కొసలను కలిపి పట్టుకొంటుంది. తనకు కావలసిన కరెంటును కూడా తానే నిలుపుకొంటుంది. ఎర్రది నొక్కినా, కరెంటు పోయినా పట్టు వదులుతుంది. కరెంటు తిరిగి వచ్చినా, మనిషి వచ్చి పచ్చ బొత్తాము నొక్కితే గాని మోటారు కదలదు. త్రీఫేజ్ కరెంటు అర్ధరాత్రి వచ్చే రోజులలో, చీకట్లో పాములకు భయపడి పొలానికి వెళ్ళలేని రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకొన్నారు. వారి ఇబ్బంది నిజమైనదే. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల సరఫరా మొదలు పెట్టినప్పుడు వాటిని తొలగించమని ప్రభుత్వం కోరింది.

గరాజులో కావలసినది ఆటో లేని ఆ పాత స్టార్టరే. రౌటరుకూ స్టెప్పర్ మోటార్లకూ వెళ్ళే కరెంటు ఒక కాంటాక్టరు గుండా పోవాలి. పసుపు పలకపై పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఎర్ర అత్యవసర బొత్తాము ఆ కాంటాక్టరు తీగచుట్టకు వరుసలో ఉండాలి. నొక్కితే లోపలే చిక్కుకొని, తిప్పితే గాని బయటికి రాని రకం కొనాలి. తిప్పినంత మాత్రాన యంత్రం నడవకూడదు. రౌటరు స్వంత స్విచ్చిని ఎప్పుడూ ఆన్‌లోనే వదిలివేయడం ఇళ్ళలో సాధారణం కనుక, పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు కాంటాక్టరే మనకు కాపలా. నిలువు అక్షం బరువైనదైతే మోటారుకు కరెంటు ఆగగానే కిందికి జారవచ్చును. దానికి స్ప్రింగు గాని బ్రేకు గాని అవసరం.

ఆ బొత్తామును ఆర్డ్యునోకు కలిపి సాఫ్ట్‌వేరుకే చెబితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కెనడాలో తయారైన థెరాక్-25 అనే కిరణ చికిత్సా యంత్రంలో, పాత నమూనాలలో ఉన్న యాంత్రిక అడ్డుకట్టలను తొలగించి ఆ భారం సాఫ్ట్‌వేరు మీద పెట్టారు. 1985 - 87 మధ్య ఆరుగురు రోగులకు అపారమైన మోతాదు తగిలింది, కొందరు మరణించారు. సాఫ్ట్‌వేరుకు కబురు చెప్పడంలో తప్పులేదు, అనుమతి అడగడమే తప్పు. రసాయన ప్రయోగశాలలో రాత్రంతా కాగే ఫ్లాస్కుకు ఉష్ణోగ్రతను నియంత్రించే పరికరం ఒకటి, మితిమీరితే కరెంటు కోసివేసే పరికరం వేరొకటి పెట్టడానికి కారణమూ ఇదే.

ఇక అందరినీ విసిగించేది ఒకటున్నది. రౌటరు రొద విద్యుత్తు రూపంలో లిమిట్ తీగలలోకి ప్రవేశించి, ఎవరూ తాకకుండానే యంత్రాన్ని ఆపుతుంది. నాలుగు గంటల చెక్కుడు పని మూడవ గంటలో పాడైతే ఎంతటి ఓర్పరి అయినా $21ను సున్నా చేస్తాడు. ఆటోస్టార్టరు బిగించిన రైతు చేసినదీ ఇదే. అతనికి ఉన్నంత కారణం మాత్రం ఇతనికి లేదు. తీగలను కవచం గల రకానికి మార్చి, కవచాన్ని ఒక్క కొననే భూమికి కలిపి, పలక దగ్గర చిన్న నిరోధకాన్నీ 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటరునూ పెడితే ఈ బెడద చాలావరకు పోతుంది.

అన్నీ కూర్చిన తరువాత బిట్టు బిగించకుండా పరీక్షించాలి. అక్షం కదులుతుండగా, దారికి దూరంగా నిలబడి ఒక పుల్లతో ప్రతి స్విచ్చినీ నొక్కి చూడాలి. ఒక స్విచ్చి తీగను కొస దగ్గర ఊడదీయాలి, అక్షం నిలిచిపోవాలి. రౌటరు తిరుగుతుండగా అత్యవసర బొత్తాము నొక్కి, చుట్లు పూర్తిగా ఆగడానికి ఎన్ని సెకండ్లు పట్టినదో లెక్కించాలి. వేగం మీదున్న రౌటరు వెంటనే నిలవదు. చివరగా గోడ ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాలి. ఏదీ కదలకూడదు. బొత్తాము నొక్కే పరీక్షను కుమార్తె చేతనే చేయించడం మంచిది. ఆమె చేయి నిలబడిన చోటినుండి దానికి అందకపోతే, బొత్తామును మరొక చోట బిగించాలి.